శ్రీలంక విదేశాంగ విధానం: 1948 నుంచి

ధనుష్కోడి నుంచి తలైమన్నారుకు సుమారు 30 కిలోమీటర్లు. సూయెజ్ నుంచి మలక్కా వైపు సాగే ఓడల్లో చాలావరకు ద్వీపం దక్షిణ కొసకు దగ్గరగానే వెళ్తాయి. తూర్పు తీరంలో ట్రింకోమలీ లాంటి లోతైన సహజ రేవు ఉంది. తేయాకు, రబ్బరు, కొబ్బరి అమ్మితే తప్ప బియ్యం కొనలేని ఆర్థిక వ్యవస్థ. మెజారిటీ సింహళులకూ తమిళులకూ మధ్య తెగని తగవు. 1948 ఫిబ్రవరి 4న సిలోన్ పేరుతో స్వతంత్రమై, 1972లో గణతంత్రంగా మారి శ్రీలంక అయిన దేశానికి విదేశాంగ విధానం ఈ అయిదు వాస్తవాల మధ్యే నడిచింది.

యునైటెడ్ నేషనల్ పార్టీది పాశ్చాత్య పక్షపాతమనీ, శ్రీలంక ఫ్రీడం పార్టీది అలీన మార్గమనీ చెప్పడం ఆనవాయితీ. అది సగమే నిజం. కమ్యూనిస్టు చైనాతో తొలి పెద్ద ఒప్పందం కుదుర్చుకున్నది యునైటెడ్ నేషనల్ పార్టీ. అలీనోద్యమ శిఖరాగ్ర సభ జరిపిన సిరిమావో బండారనాయకే తన ప్రభుత్వం మీద తిరుగుబాటు రాగానే అమెరికా, బ్రిటన్‌ల సాయం కూడా తీసుకున్నారు. పార్టీల సిద్ధాంతాల కంటే బియ్యం ధర, డాలర్ల నిల్వ, ఇంటి కలహం ఈ దేశ దౌత్యాన్ని ఎక్కువగా శాసించాయి.

రక్షణ ఒప్పందం నీడలో

తొలి ప్రధాని డి.ఎస్. సేనానాయకేకు పొరుగున ఉన్న భారత్ అంటే జంకు ఉండేది. స్వాతంత్ర్యానికి ముందే, 1947 నవంబర్‌లో, బ్రిటన్‌తో రక్షణ ఒప్పందం చేసుకున్నారు. ట్రింకోమలీ నౌకా స్థావరం, కటునాయకే వైమానిక స్థావరం బ్రిటిష్ వారి చేతిలోనే ఉండిపోయాయి. దాని ఫలితం ఐక్యరాజ్య సమితిలో కనిపించింది. సిలోన్ నిజంగా స్వతంత్ర దేశం కాదంటూ సోవియట్ యూనియన్ వీటో చేసింది. సభ్యత్వం దక్కడానికి 1955 డిసెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది.

అప్పటి రాజ్యాంగం ప్రకారం రక్షణ, విదేశాంగ శాఖలు ప్రధాని దగ్గరే ఉండాలి. 1977 వరకూ ఇదే పద్ధతి. విడిగా విదేశాంగ మంత్రి లేకపోవడంతో దౌత్యమంతా ప్రధాని వ్యక్తిత్వాన్ని బట్టి, ఆయన లేదా ఆమె ఇష్టాయిష్టాలను బట్టి నడిచింది. సర్ జాన్ కొటెలవాల ఇందుకు మంచి ఉదాహరణ. 1954లో భారత్, పాకిస్తాన్, బర్మా, ఇండోనేషియా ప్రధానులను కొలంబోకు పిలిచి, బాండుంగ్ సభకు దారి వేసింది ఆయనే. మరుసటి ఏడాది బాండుంగ్‌లో, తూర్పు ఐరోపాలో సోవియట్ పెత్తనం కూడా వలసవాదమేనని మాట్లాడి నెహ్రూకు చికాకు తెప్పించిందీ ఆయనే.

జె.ఆర్. జయవర్ధనే 1951 సెప్టెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి సభలో చేసిన ప్రసంగం ఆ రోజుల్లోనిదే. అప్పుడాయన ఆర్థిక మంత్రి. ద్వేషం ద్వేషంతో చల్లారదన్న బుద్ధుడి మాటను గుర్తుచేసి, జపాన్ నుంచి సిలోన్ యుద్ధ పరిహారం కోరబోదని ప్రకటించారు. జపాన్ దాన్ని మరచిపోలేదు. తరువాతి దశాబ్దాల్లో శ్రీలంకకు అత్యధికంగా సాయం చేసిన దేశాల్లో జపాన్ ఒకటిగా నిలిచింది. చిన్న దేశానికి ఒక్క ప్రసంగం ఇంతకాలం ఫలితమివ్వడం అరుదు.

బియ్యానికి రబ్బరు

ఈ దేశ దౌత్య చరిత్రలో అన్నిటికంటే తెలివైన పని 1952లో జరిగింది. కొరియా యుద్ధకాలంలో పెరిగిన రబ్బరు ధర ఒక్కసారిగా పడిపోయింది. ప్రపంచ మార్కెట్లో బియ్యం కరువైంది. అమెరికాను అడిగితే సరైన ధరకు బియ్యమూ రాలేదు, రబ్బరుకు గిట్టుబాటూ రాలేదు. చైనాకు రబ్బరు కావాలి, కానీ వ్యూహాత్మక సరుకులేవీ చైనాకు అమ్మరాదని 1951లో ఐక్యరాజ్య సమితి ఆంక్ష పెట్టింది. సిలోన్ అప్పటికి సమితి సభ్యదేశం కాదు. సోవియట్ వీటో వల్ల బయట ఉండిపోయిన దేశానికి ఆ బయట ఉండటమే ఇప్పుడు పనికొచ్చింది.

వాణిజ్య మంత్రి ఆర్.జి. సేనానాయకే పీకింగ్ (నేటి బీజింగ్) వెళ్లి, ఏటా 50,000 టన్నుల రబ్బరు ఇచ్చి 2,70,000 టన్నుల బియ్యం తీసుకునేలా అయిదేళ్ల ఒప్పందం కుదిర్చారు. రబ్బరుకు మార్కెట్ కంటే ఎక్కువ ధర, బియ్యానికి తక్కువ ధర. అప్పటికి రెండు దేశాల మధ్య రాయబార సంబంధాలు కూడా లేవు. అవి 1957లో మొదలయ్యాయి. అమెరికా తన చట్టాలు చూపించి సిలోన్‌కు సాయం నిరాకరించింది. అయినా కొలంబో వెనక్కి తగ్గలేదు. అమెరికాకు ఇష్టుడైన కొటెలవాల ప్రధాని అయ్యాక కూడా ఒప్పందం రద్దు కాలేదు. పదేపదే పొడిగిస్తూ 1982 వరకు సాగించారు.

బియ్యం ఎంత పెద్ద రాజకీయమో తెలియాలంటే 1953 చూడాలి. డడ్లీ సేనానాయకే ప్రభుత్వం సబ్సిడీ తగ్గించి రేషన్ బియ్యం ధరను 25 సెంట్ల నుంచి 70 సెంట్లకు పెంచింది. ఆగస్టులో దేశమంతా హర్తాళ్ జరిగింది, కాల్పుల్లో జనం చనిపోయారు, అక్టోబర్‌లో ప్రధాని రాజీనామా చేశారు. అటువంటి దేశంలో చైనా ఒప్పందాన్ని ఏ పార్టీ మాత్రం వదులుకుంటుంది?

బండారనాయకే దంపతులు

1956లో గెలిచిన సోలమన్ బండారనాయకే మాటలో వేగం, చేతలో స్పష్టత చూపారు. 1957 అక్టోబర్‌లో ట్రింకోమలీ, నవంబర్‌లో కటునాయకే బ్రిటిష్ వారి నుంచి తిరిగి దేశం చేతికి వచ్చాయి. మాస్కోతో, పీకింగ్‌తో రాయబార సంబంధాలు ఏర్పడ్డాయి. సూయెజ్ మీద బ్రిటన్, ఫ్రాన్స్‌ల దాడిని ఆయన ఖండించారు. కానీ అదే 1956లో తెచ్చిన సింహళ భాషా చట్టం తమిళులను దూరం చేసింది. విదేశాల్లో సాధించిన పేరును ఇంట్లో చేసిన చట్టం మెల్లగా తినేసింది. ఆ నష్టం లెక్క తేలడానికి పాతికేళ్లు పట్టింది.

1959లో ఆయన హత్య తర్వాత, 1960 జులైలో సిరిమావో ప్రధాని అయ్యారు. ప్రపంచంలో ప్రధాని పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే. 1962లో భారత్-చైనా యుద్ధం ముగియగానే బర్మా, కంబోడియా, ఇండోనేషియా, ఈజిప్టు, ఘనా దేశాలను డిసెంబర్‌లో కొలంబోకు పిలిచి, రాజీ ప్రతిపాదనలు తయారుచేయించి, వాటితో పీకింగ్, ఢిల్లీ తిరిగారు. భారత్ ఒప్పుకుంది. చైనా సూత్రప్రాయంగా సరేనంటూనే షరతులు పెట్టడంతో ఫలితం రాలేదు. దురాక్రమణ ఎవరిదో ఆ ప్రతిపాదనలు చెప్పకపోవడం ఢిల్లీలో చాలామందికి నచ్చలేదు. కొలంబో కోణం వేరు: చైనా బియ్యం పంపుతోంది, భారత్ పక్కనే ఉంది.

అదే కాలంలో విదేశీ చమురు కంపెనీల ఆస్తులను స్వాధీనం చేసుకుంటే, పరిహారం తేలలేదని 1963లో అమెరికా సాయం ఆపేసింది. అప్పుడే వచ్చిన, అలా సాయం ఆపించే అమెరికా చట్ట సవరణకు గురైన తొలి దేశం సిలోనే. 1965లో డడ్లీ తిరిగి వచ్చి పరిహారం తేల్చాక సాయం మళ్లీ మొదలైంది.

సిరిమావో రెండో పాలన (1970–77) మరింత ఆసక్తికరం. ఇజ్రాయెల్‌తో సంబంధాలు ఆపేశారు, ఉత్తర కొరియాను గుర్తించారు. 1971 ఏప్రిల్‌లో వామపక్ష పార్టీ జనతా విముక్తి పెరమున తిరుగుబాటు చేసినప్పుడు సైన్యం దగ్గర చాలినంత మందుగుండు కూడా లేదు. భారత్ నౌకలనూ హెలికాప్టర్లనూ పంపింది. పాకిస్తాన్, బ్రిటన్, అమెరికా, సోవియట్ యూనియన్, యుగోస్లావియా, ఈజిప్టు అందరూ తలా ఒక చెయ్యి వేశారు. చైనా వడ్డీ లేని అప్పిచ్చింది. ఉత్తర కొరియా రాయబార సిబ్బందిని మాత్రం దేశం నుంచి పంపేశారు. ప్రచ్ఛన్న యుద్ధంలో ఇన్ని వైరి దేశాలు ఒకే ప్రభుత్వాన్ని కాపాడటానికి ఒకేసారి వచ్చిన సందర్భం మరొకటి వెతకడం కష్టం. అలీన విధానానికి ప్రాణరక్షణ విలువ ఉందని ఆ నెలలో రుజువైంది. అదే ఏడాది, భారత్ తన గగనతలం మూసేయడంతో పాకిస్తాన్ విమానాలు తూర్పు బెంగాల్ వెళ్తూ కొలంబోలో ఇంధనం నింపుకోవడం ఢిల్లీకి కోపం తెప్పించింది.

హిందూ మహాసముద్రాన్ని శాంతి మండలంగా ప్రకటించాలన్న శ్రీలంక ప్రతిపాదనను 1971 డిసెంబర్‌లో సమితి సర్వసభ్య సభ ఆమోదించింది. తీర్మానం కాగితం మీదే ఉంది. డీగో గార్సియాలో అమెరికా స్థావరం పెరుగుతూనే పోయింది. సముద్ర చట్టం విషయంలో మాత్రం శ్రీలంక ముద్ర గట్టిది. మూడో సముద్ర చట్ట సభకు 1980లో చనిపోయే వరకు శ్రీలంక దౌత్యవేత్త షర్లీ అమరసింఘే అధ్యక్షత వహించారు. 1976 ఆగస్టులో కొలంబోలో అయిదో అలీన శిఖరాగ్ర సభ జరిగింది. చైనా కట్టించి ఇచ్చిన బండారనాయకే స్మారక సభా భవనమే వేదిక. చైనా మటుకు అలీనోద్యమంలో సభ్యదేశం కాదు.

తోటల కార్మికులు, కచ్చతీవు

భారత్‌తో తొలి పెద్ద తగవు సరిహద్దుది కాదు, మనుషులది. తేయాకు తోటల్లో పనికి బ్రిటిష్ వారు తమిళనాడు నుంచి తెచ్చిన కూలీల సంతతికి 1948 పౌరసత్వ చట్టం తలుపు మూసింది. లక్షలాది మంది ఏ దేశానికీ చెందనివారయ్యారు. ఆ రోజుల్లో కొలంబోలో భారత ప్రభుత్వ ప్రతినిధి, తర్వాత రాష్ట్రపతి అయిన తెలుగువాడు వి.వి. గిరి. కార్మిక సంఘాల నుంచి వచ్చిన ఆయనకు ఇది బాగా తెలిసిన సమస్యే, కానీ పరిష్కారం ఆయన హయాంలో దొరకలేదు.

1964 అక్టోబర్‌లో లాల్ బహదూర్ శాస్త్రి, సిరిమావో ఒప్పందానికి వచ్చారు. 9,75,000 మందిలో 5,25,000 మందిని భారత్ తీసుకుంటుంది, 3,00,000 మందికి సిలోన్ పౌరసత్వం ఇస్తుంది, మిగిలిన లక్షన్నర సంగతి తర్వాత చూద్దామన్నారు. 1974లో ఆ లక్షన్నరనూ చెరిసగం పంచుకున్నారు. దౌత్యపరంగా దీన్ని విజయమనే రాస్తారు. తరతరాలుగా నువారా ఎలియ కొండల్లో ఆకు కోసిన కుటుంబాలను ఎవరూ అడగలేదు.

1974లో ఇందిర, సిరిమావో సముద్ర సరిహద్దు గీసినప్పుడు కచ్చతీవు దీవి శ్రీలంక వైపు వెళ్లింది. 1976 ఒప్పందంతో ఒకరి జలాల్లో మరొకరు చేపలు పట్టకూడదన్న నియమం వచ్చింది. నేటికీ తమిళనాడు మరపడవలు అంతర్యుద్ధంలో చితికిన జాఫ్నా జాలర్ల వలలను చింపుతున్నాయన్న ఫిర్యాదు ఒకవైపు, అరెస్టులు, కాల్పుల ఫిర్యాదు మరోవైపు. ఇది ఇద్దరు పేద జాలర్ల తగవు అనే సంగతి జాతీయ గౌరవం మాటల్లో తరచూ మరుగున పడుతోంది.

జయవర్ధనే మలుపు

1977లో అధికారానికి వచ్చిన జయవర్ధనే మార్కెట్లు తెరిచారు, ఏ.సి.ఎస్. హమీద్‌ను తొలి ప్రత్యేక విదేశాంగ మంత్రిని చేశారు. మహావేలి నది మీద బ్రిటన్ విక్టోరియా ఆనకట్టకూ, స్వీడన్ కొత్మలేకూ, పశ్చిమ జర్మనీ రందెనిగలకూ డబ్బిచ్చాయి. ఆసియాన్‌లో చేరాలని 1981లో ప్రయత్నించి భంగపడ్డారు. 1982లో ఫాక్‌లాండ్స్ మీద సర్వసభ్య సభ తీర్మానానికి వ్యతిరేకంగా బ్రిటన్ పక్షాన ఓటేసిన పన్నెండు దేశాల్లో శ్రీలంక ఒకటి. అంతకు మూడేళ్ల కిందటి వరకూ అలీనోద్యమ అధ్యక్ష స్థానంలో ఉన్న దేశం!

ఈ లెక్కల్లో భారత్‌ను తక్కువగా అంచనా వేశారు. 1983 జులైలో కొలంబో వీధుల్లో తమిళుల ఇళ్లు, దుకాణాలు తగలబడినప్పుడు ఇందిరా గాంధీ తన విదేశాంగ మంత్రి పి.వి. నరసింహారావును హుటాహుటిన కొలంబో పంపారు. తర్వాత రాయబారం జి. పార్థసారథి చేతికి వెళ్లింది. మరోవైపు తమిళ మిలిటెంట్ల శిక్షణ శిబిరాలు భారత భూమి మీద నడిచాయి. మధ్యవర్తిత్వం, ఆయుధ శిక్షణ రెండూ ఒకే ప్రభుత్వం చేయడం ఢిల్లీ చేసిన పెద్ద పొరపాటు. జయవర్ధనే పాశ్చాత్య దేశాలను సాయమడిగితే పెద్దగా ఏమీ రాలేదు. పాకిస్తాన్ ఆయుధాలిచ్చింది. 1984లో కొలంబోలోని అమెరికా రాయబార కార్యాలయంలో ఇజ్రాయెల్‌కు ఒక విభాగం తెరిచారు.

1987 జూన్ 4న భారత వైమానిక దళం జాఫ్నా మీద ఆహారం జారవిడిచింది. జయవర్ధనే నమ్ముకున్న రాజధానులేవీ ఆయన పక్షాన నిలబడలేదు. జులై 29న రాజీవ్ గాంధీతో ఒప్పందం మీద సంతకం చేశారు. మరునాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్‌ను ఒక నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఒప్పందంతో జతచేసిన లేఖల్లో అసలు విషయం ఉంది: ట్రింకోమలీని భారత్‌కు ముప్పు కలిగేలా ఎవరికీ ఇవ్వకూడదు, అక్కడి చమురు ట్యాంకులను ఉమ్మడిగా బాగుచేయాలి. ఈ రెండో మాట నెరవేర్చే ఒప్పందం 2022 జనవరిలో గానీ కుదరలేదు!

శాంతి పరిరక్షణకని వెళ్లిన భారత సేన తమిళ మిలిటెంట్ సంస్థ ఎల్టీటీఈతో, అంటే పులులతో, యుద్ధంలో దిగి వెయ్యికి పైగా సైనికులను పోగొట్టుకుంది. కొత్త అధ్యక్షుడు ప్రేమదాస భారత సేన వెళ్లాలని పట్టుబట్టారు, 1990 మార్చిలో చివరి దళం ఓడ ఎక్కింది. 1991 మేలో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ హత్యతో ఢిల్లీ చాలాకాలం ఆ వ్యవహారానికి దూరం జరిగింది. ఒప్పందం ఫలంగా వచ్చిన 13వ రాజ్యాంగ సవరణ, రాష్ట్ర మండళ్లు మాత్రం మిగిలాయి. వాటిని పూర్తిగా అమలు చేయాలని భారత్ ఇప్పటికీ అడుగుతోంది.

యుద్ధం, వాదన

యుద్ధకాల దౌత్యంలో ముందు చెప్పవలసిన పేరు లక్ష్మణ్ కదిర్‌గామర్‌ది. ఆయన తమిళుడు, న్యాయవాది, 1994 నుంచి విదేశాంగ మంత్రి. పులులకు విదేశాల నుంచి డబ్బు ఆగితే తప్ప యుద్ధం ఆగదని గ్రహించి, రాజధానులు తిరిగి వాదించారు. 1997లో అమెరికా, 2001లో బ్రిటన్ ఎల్టీటీఈని నిషేధించాయి. 1998లో భారత్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది. 2005 ఆగస్టులో ఆయన్ను సొంత ఇంట్లో ఈత కొలను దగ్గర కాల్చి చంపారు. ఆయనకు సాటి వచ్చే విదేశాంగ మంత్రి శ్రీలంకకు మళ్లీ దొరకలేదు.

2002 ఫిబ్రవరిలో నార్వే కుదిర్చిన కాల్పుల విరమణ నాలుగేళ్లకే చిరిగిపోయింది. 2005లో గెలిచిన మహింద రాజపక్స హయాంలో చైనా, పాకిస్తాన్ ఆయుధాలు, భారత్ నుంచి సమాచార సహకారం, అమెరికా నిఘా సాయం కలిసి పులులను 2009 మేలో అంతం చేశాయి. చివరి నెలల్లో పౌరుల మరణాల మీద విచారణ జరగాలని పాశ్చాత్య దేశాలు పట్టుబట్టాయి. మే 27న జెనీవా మానవ హక్కుల మండలిలో శ్రీలంక తన సొంత తీర్మానాన్ని 29–12 ఓట్లతో గెలిపించుకుంది. భారత్, చైనా, రష్యా, పాకిస్తాన్ ఒకే వైపు ఓటేశాయి. ఆ గెలుపు నిలవలేదు. ఇచ్చిన హామీలు అమలు కాకపోవడంతో 2012లో అదే మండలిలో అమెరికా తీర్మానం నెగ్గింది, భారత్ దానికి ఓటేసింది. 2010లో ఐరోపా సమాఖ్య తన వాణిజ్య రాయితీ ఆపేస్తే దుస్తుల ఎగుమతులకు దెబ్బ తగిలింది.

అప్పులు

హంబన్‌తోట రేవు గురించి ప్రపంచానికంతా ఒకే కథ తెలుసు: చైనా అప్పిచ్చింది, తీర్చలేకపోతే రేవు పట్టుకుపోయింది. నిజం ఇంకా చిక్కుగా ఉంది. రేవు తొలి దశకు చైనా ఎగుమతి దిగుమతి బ్యాంకు 6.3 శాతం వడ్డీకి 30.7 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2010లో తెరిచాక ఓడలు రాలేదు. 2017లో 99 ఏళ్ల లీజుకు ఒక చైనా సంస్థ 112 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ డబ్బుతో రేవు అప్పు తీరలేదు. అది విదేశీ మారక నిల్వలకు చేరింది, రేవు అప్పు అలాగే ఉండిపోయింది. దేశాన్ని ముంచిన అప్పుల్లో పెద్ద భాగం 2007 నుంచి అంతర్జాతీయ మార్కెట్లో అమ్మిన ప్రభుత్వ బాండ్లది. చైనాను దోషిగా నిలబెట్టడం సులువు. పనికిరాని చోట రేవు కట్టమని అడిగింది సొంత నాయకుడే.

భద్రత సంగతి వేరు. 2014 సెప్టెంబర్, నవంబర్ నెలల్లో చైనా జలాంతర్గామి కొలంబోలో ఆగడం ఢిల్లీని కలవరపెట్టింది. మరుసటి జనవరిలో రాజపక్స ఓడిపోయారు. తర్వాత వచ్చిన సిరిసేన ప్రభుత్వం చైనా పనులను ఆపి, డబ్బు లేక మళ్లీ మొదలుపెట్టింది. హంబన్‌తోట లీజు ఇచ్చింది ఆ ప్రభుత్వమే.

తర్వాత అధ్యక్షుడైన గోటబయ రాజపక్స కాలంలో నిర్ణయాలు మారుతూనే పోయాయి. 48 కోట్ల డాలర్ల అమెరికా గ్రాంటు చేజారింది. భారత్, జపాన్‌లకు ఇస్తామన్న కొలంబో తూర్పు టెర్మినల్ 2021లో ఇవ్వలేదు. చైనా నుంచి వచ్చిన సేంద్రియ ఎరువు ఓడను హానికర బాక్టీరియా ఉందని తిప్పిపంపి, చివరికి దాదాపు 70 లక్షల డాలర్లు కట్టారు. ఇరాన్‌కు పడ్డ చమురు బాకీని తేయాకుతో తీరుస్తామన్నారు. 2022 ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్లు ప్రకటించారు. జులైలో అధ్యక్షుడు మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు పారిపోయారు.

2022 తర్వాత

ఆ ఏడాది పెట్రోలుకు, మందులకు, బియ్యానికి భారత్ దాదాపు 400 కోట్ల డాలర్ల విలువైన సాయం చేసింది. ఆగస్టులో చైనా ట్రాకింగ్ నౌక యువాన్ వాంగ్ 5 హంబన్‌తోటకు రావద్దని ఢిల్లీ అభ్యంతరం చెప్పినా, ముందు ఆగమని కోరిన కొలంబో చివరికి రానిచ్చింది. 2024 ఆరంభం నుంచి ఏడాది పాటు విదేశీ పరిశోధన నౌకలన్నిటినీ ఆపింది. చైనా పేరెత్తకుండా చైనా నౌకను ఆపడానికి అదొక దారి.

2024 సెప్టెంబర్‌లో అనుర కుమార దిసనాయకే అధ్యక్షుడయ్యారు. ఆయన పార్టీ జనతా విముక్తి పెరమున ఒకప్పుడు తన కార్యకర్తలకు చెప్పిన అయిదు పాఠాల్లో ఒకటి భారత విస్తరణవాదం గురించి. 1987 ఒప్పందానికి వ్యతిరేకంగా ఆయుధాలు పట్టిన పార్టీ అది. ఆ పార్టీ నాయకుడు తొలి విదేశీ పర్యటనకు డిసెంబర్‌లో ఢిల్లీ వచ్చారు, మరుసటి నెల బీజింగ్ వెళ్లారు. 2025 ఏప్రిల్‌లో మోదీ కొలంబో వచ్చినప్పుడు రెండు దేశాల మధ్య రక్షణ సహకార పత్రం మీద సంతకాలయ్యాయి.

2023 మార్చిలో ఆమోదం పొందిన అంతర్జాతీయ ద్రవ్యనిధి రుణం సుమారు 300 కోట్ల డాలర్లు. ఫ్రాన్స్, భారత్, జపాన్‌లు నడిపిన రుణదాతల కమిటీతోనూ, విడిగా చైనా బ్యాంకుతోనూ 2024 జూన్‌లో ఒప్పందాలు కుదిరాయి. వాటి ప్రకారం ప్రభుత్వాల మధ్య అప్పుల వాయిదాలు 2028 నుంచి మొదలై 2043 వరకు సాగుతాయి.